ఇంటి బ్రూయింగ్ సెటప్‌లో పంపు ధారను ఎలక్ట్రానిక్‌గా అదుపు చేయడం: మొదటి నుంచి చివరి దాకా

"పంపు మరీ జోరుగా కొడుతోంది, గింజలన్నీ అడుగున గట్టిపడి రసం దిగడం ఆగిపోతోంది, ఏం చేయాలి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం పనిని వరుసలో పెట్టి రాస్తున్నాను. బెంగళూరులో దొరికే సామానుతో, 30 లీటర్ల పాత్రతో ఇంట్లో నేను చేసిన పద్ధతి ఇది.

ముందు మూడు మాటల అర్థం. బీరు కాచే పనిని బ్రూయింగ్ అంటారు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్ట్‌ను, మరపట్టి వేడి నీళ్లలో నానబెట్టే దశ మ్యాష్. అందులోంచి దిగే తియ్యటి రసం వర్ట్. ఆ రసాన్ని కిందినుంచి లాగి మళ్లీ గింజల మీదికి పోస్తూ తిప్పడమే మనం పంపుతో చేసే ముఖ్యమైన పని.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం కర్ణాటక ఎక్సైజ్ చట్టం, 1965 ప్రకారం నేరం. అందుకే నా పాత్రలో పని మరిగించడంతోనే ఆగుతుంది. వర్ట్‌ను చల్లార్చి, నిమ్మరసం పిండి, పులియబెట్టకుండా మాల్ట్ పానీయంగా తాగుతాం. పంపు దగ్గర చేయాల్సిన పని మాత్రం లైసెన్సున్న చిన్న బ్రూవరీలోనైనా, మా వంటింట్లోనైనా ఒక్కటే.

1. ముందు మీకెంత ధార కావాలో తేల్చుకోండి

అందరూ ఏ బోర్డు కొనాలని అడుగుతారు. నిమిషానికి ఎన్ని లీటర్లు కావాలని మాత్రం ఎవరూ అడగరు. ఆ అంకె చేతిలో లేకపోతే ఎంత మంచి కంట్రోలర్ పెట్టినా నాబ్‌ను గుడ్డిగా తిప్పడమే అవుతుంది.

నా పాత్రలో 5 కిలోల మాల్ట్ వేసినప్పుడు సరిపోయిన లెక్కలు ఇవి:

- మ్యాష్ మొదటి 10 నిమిషాలు: నిమిషానికి 1 లీటరు లోపు. లేదా పంపు అసలు వేయకుండా వదిలేయడం.
- మ్యాష్ మిగతా సమయం: నిమిషానికి 1.5 నుంచి 2 లీటర్లు.
- పిప్పిని వేడి నీళ్లతో కడగడం: 5 లీటర్లు 20 నిమిషాల్లో, అంటే నిమిషానికి పావు లీటరు.
- చల్లార్చడం, ఇంకో పాత్రలోకి తోడడం: 3 లీటర్లు, ఆపైన.
- శుభ్రం చేయడం: పంపు ఎంత ఇస్తే అంత.

మీ పాత్ర వెడల్పు, మరపట్టిన తీరు వేరైతే అంకెలు మారతాయి. 1 లీటరు దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్లండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, గింజల పొట్టే ఇక్కడ జల్లెడ. పొట్టు వదులుగా ఉన్నంతసేపు రసం దాని సందుల్లోంచి జారుతుంది. పంపు కిందినుంచి గట్టిగా లాగితే పొర కుదించుకుపోతుంది. కుదించుకున్న కొద్దీ రసం దిగదు, పంపు ఇంకా గట్టిగా లాగుతుంది, పైన రసం పొంగి అంచు దాటుతుంది. ఒకసారి బిగుసుకుపోయిన పొర, ధార తగ్గించినంత మాత్రాన విడిపోదు. గరిటెతో కదపాల్సిందే.

2. మీ పంపు ఏ రకమో గుర్తించండి

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఒక పంపుకు పనికొచ్చే కంట్రోలర్ ఇంకో పంపును కాల్చేస్తుంది.

నేరుగా 230 వోల్టుల ఏసీతో నడిచే మ్యాగ్నెటిక్ పంపు: వీటిలో సాధారణంగా ఇండక్షన్ మోటారు ఉంటుంది. దాని వేగం 50 హెర్ట్జ్ కరెంటుకు కట్టుబడి ఉంటుంది. ఫ్యాన్ రెగ్యులేటరో, లైట్ డిమ్మరో పెడితే మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, వేగం మాత్రం సరిగ్గా తగ్గదు. దీనికి ఎలక్ట్రానిక్స్ వద్దు. బయటికి వెళ్లే గొట్టం మీద వాల్వ్ పెట్టి ధార తగ్గించండి. మ్యాగ్నెటిక్ సెంట్రిఫ్యుగల్ పంపుకు (లోపలి చక్రం తిరుగుతూ ద్రవాన్ని బయటికి విసిరే రకం) అవుట్‌లెట్ వాల్వ్ మూసినంత మాత్రాన హాని లేదు. పూర్తిగా మూసి ఎక్కువసేపు వదిలేయకండి, అంతే.

బ్రష్‌లున్న డీసీ మోటారు పంపు: రెండే వైర్లు. వైర్లు తిప్పి కలిపితే మోటారు రివర్స్ తిరుగుతుంది. దీన్ని పీడబ్ల్యూఎంతో, అంటే కరెంటును సెకనుకు వేల సార్లు ఆపుతూ వదులుతూ, సులువుగా అదుపు చేయొచ్చు.

బ్రష్‌లెస్ డీసీ పంపు, రెండు వైర్లది: దీని లోపల ఒక చిన్న కంట్రోలర్ సర్క్యూట్ ఉంటుంది. సప్లైనే పీడబ్ల్యూఎంతో ముక్కలు చేస్తే ఆ సర్క్యూట్ తికమకపడుతుంది. పంపు ఆగి ఆగి తిరుగుతుంది, కొన్నిసార్లు సర్క్యూటే పోతుంది. దీనికి వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్ వాడాలి.

బ్రష్‌లెస్ డీసీ పంపు, వేగానికి విడిగా వైరు ఉన్నది: ప్లస్, మైనస్ కాక ఇంకో వైరు ఉంటుంది. దానికి 0 నుంచి 5 వోల్టులో, పీడబ్ల్యూఎం సిగ్నలో ఇస్తే వేగం మారుతుంది. కొత్తగా కొనేవాళ్లు ఇదే కొనండి. కొంచెం ఖర్చు ఎక్కువైనా మిగతా పనంతా సగానికి సగం తగ్గుతుంది.

ఆర్‌వో బూస్టర్ పంపు: ప్రతి వీధిలో దొరుకుతుంది కాబట్టి చాలామంది కన్ను దీని మీదే. ఇది డయాఫ్రం పంపు, చల్లని తాగునీటి కోసం చేసింది. 65 డిగ్రీల వర్ట్‌కు పనికిరాదు. పైగా దీని అవుట్‌లెట్ మూస్తే ప్రెషర్ పెరిగి గొట్టం ఊడి వస్తుంది. వేడి రసం ముఖాన పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

పెరిస్టాల్టిక్ పంపు: గొట్టాన్ని రోలర్లతో పిండుతూ తోస్తుంది. తిరిగే వేగానికి తగ్గట్టే ధార వస్తుంది కాబట్టి పిప్పి కడిగేటప్పుడు కావాల్సిన పావు లీటరు ధారకు చక్కగా సరిపోతుంది. మ్యాష్ తిప్పడానికి మాత్రం చిన్నవి చాలవు.

ఏదైనా సరే, కొనే ముందు రెండు సంగతులు రాతపూర్వకంగా చూడండి: 100 డిగ్రీల వేడి తట్టుకుంటుందా, ఆహార పదార్థాలకు పనికొస్తుందా. "అన్నీ తట్టుకుంటుంది సార్" అన్న మాట లెక్కలోకి రాదు.

3. సామాను

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్డులో ఒక్క పూటలో దొరికే జాబితా ఇది:

- పంపు, దానికి తగిన 12 లేదా 24 వోల్టుల అడాప్టర్. పంపు తీసుకునే కరెంటు కన్నా కనీసం ఒకటిన్నర రెట్లు ఇవ్వగలిగేది.
- డీసీ వైపు ఫ్యూజ్, దాని హోల్డర్.
- 10 కిలో ఓంల పొటెన్షియోమీటర్ (తిప్పితే వోల్టేజీ మారే భాగం), నాబ్.
- ఈఎస్‌పీ32 బోర్డు, అంటే ప్రోగ్రాం రాసి నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు. ఆటోమేటిక్ చేయాలనుకున్నవాళ్లకు, బ్రష్‌ల మోటారు వాడేవాళ్లకు.
- పంపును బట్టి మాస్‌ఫెట్ (కరెంటును ఆపి వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్) లేదా బక్ కన్వర్టర్.
- ఫ్లో సెన్సర్. ఇదీ తర్వాతి దశకే.
- ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గొట్టం, 12 మి.మీ. లోపలి వ్యాసం, క్లిప్పులు.
- స్టీల్ బాల్ వాల్వ్, అవుట్‌లెట్ కోసం.
- మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ బాక్సు, కేబుల్ గ్లాండ్లు.
- 1 లీటరు కొలత జగ్గు, ఫోన్‌లో స్టాప్‌వాచ్.

మాస్‌ఫెట్ దగ్గర ఒక జాగ్రత్త. కౌంటర్ మీద ఎర్రగా కనిపించే ఐఆర్‌ఎఫ్520 మాడ్యూల్ చేతిలో పెట్టి పంపుతారు. ఆ మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకోవాలంటే గేట్‌కు, అంటే దాన్ని ఆన్ చేసే కాలికి, 10 వోల్టులు కావాలి. ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3 వోల్టులే. సగం తెరుచుకున్న మాస్‌ఫెట్ కరెంటును వేడిగా మార్చుకుంటుంది, పంపు నీరసంగా తిరుగుతుంది. 3.3 వోల్టులకే పూర్తిగా తెరుచుకునే లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ అని డేటాషీట్‌లో చూసి తీసుకోండి.

బక్ కన్వర్టర్‌లో ఎల్‌ఎం2596 మాడ్యూల్ గరిష్ఠంగా 3 ఆంపియర్లది. హీట్ సింక్ లేకుండా 2 ఆంపియర్లు దాటించకండి.

4. పంపును ఎక్కడ, ఎలా బిగించాలి

ఎలక్ట్రానిక్స్ తప్పు అనుకున్న వాటిలో చాలా భాగం చివరికి గొట్టాల తప్పులుగా తేలాయి. ఊళ్లో చేలో మోటారు వేసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఫుట్‌వాల్వ్ లీకైతే స్టార్టర్‌ను ఎన్నిసార్లు నొక్కినా నీళ్లు ఎక్కవు కదా. ఈ చిన్న పంపుదీ అదే గుణం. గాలి పట్టిందంటే ఎంత వేగంగా తిరిగినా ధార రాదు.

- పంపు పాత్ర కన్నా కిందే ఉండాలి. రసం దానంతట అదే పంపులోకి దిగాలి.
- పాత్ర నుంచి పంపుకు వచ్చే గొట్టం పొట్టిగా, లావుగా, మలుపుల్లేకుండా ఉండాలి.
- ఇన్‌లెట్ వైపు వాల్వ్ ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉండాలి. ధార తగ్గించేది అవుట్‌లెట్ వైపే.
- పంపు అవుట్‌లెట్ మూతి పైకి చూడాలి. లోపలి గాలి తనే పైకి పోతుంది.
- పంపు ముందు జాలీ పెట్టండి. ఒక్క పొట్టు ముక్క ఇంపెల్లర్‌లో, అంటే పంపు లోపల తిరిగే చక్రంలో, ఇరుక్కుంటే చాలు, పంపు ఆగిపోతుంది.

ఇన్‌లెట్‌ను ఎందుకు బిగించకూడదంటే, పీల్చే వైపు ఒత్తిడి పడిపోతే వేడి ద్రవం పంపు లోపలే ఆవిరి బుడగలవుతుంది. గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు వస్తుంది, ధార తెగిపోతుంది. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. చెన్నైలో ఉన్న స్నేహితుడు 96 డిగ్రీల వర్ట్‌ను ఇబ్బంది లేకుండా తోడగలిగాడంటే మనకూ అలాగే అవుతుందనుకోకూడదు. ఇక్కడ 96 అంటే మరిగే అంచు. స్టవ్ ఆపి, 90కి దిగాక పంపు వేయండి. మరుగుతుండగానే తిప్పాల్సి వస్తే వేగం బాగా తగ్గించి మొదలుపెట్టండి.

5. వైరింగ్

కరెంటు, నీళ్లు పక్కపక్కన ఉండే పని. హీటర్ ఉన్న సెటప్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లైని ఆపేసే స్విచ్), సరైన ఎర్త్ లేకుండా మొదలుపెట్టకండి. 3000 వాట్ల హీటర్ 13 ఆంపియర్లు లాగుతుంది, 16 ఆంపియర్ల సాకెట్ తప్పనిసరి. 230 వోల్టుల పని చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మీరు చేసేది డీసీ వైపు మాత్రమే.

కంట్రోల్ బాక్సు పాత్రకు పక్కగా, ఎత్తులో ఉండాలి. కేబుల్ బాక్సులోకి వెళ్లే ముందు ఒకసారి కిందికి వంగి పైకి ఎక్కాలి. తడి ఆ వంపు దగ్గరే చుక్కగా రాలిపోతుంది.

వేగం వైరు ఉన్న పంపు: ప్లస్, మైనస్‌లకు ఫ్యూజ్ మీదుగా పూర్తి సప్లై ఎప్పుడూ ఉంటుంది. పొటెన్షియోమీటర్ ఒక చివర 5 వోల్టులకు, రెండో చివర గ్రౌండ్‌కు, మధ్య కాలు వేగం వైరుకు. ఆ వైరును గాలిలో వదిలేస్తే కొన్ని పంపులు పూర్తి వేగంతో తిరుగుతాయి. కలపకముందే మీ పంపు కాగితంలో చూసుకోండి.

రెండు వైర్ల బ్రష్‌లెస్: అడాప్టర్, ఫ్యూజ్, బక్ కన్వర్టర్, పంపు. ఇదే వరుస. పంపు కలపకముందే మల్టీమీటర్‌తో చూసి కన్వర్టర్‌ను పంపు గరిష్ఠ వోల్టేజీ దాటకుండా సెట్ చేయండి. చాలా 12 వోల్టుల పంపులు 6 వోల్టుల లోపు అసలు తిరగవు, అక్కడ కంగారు పడొద్దు.

బ్రష్‌ల మోటారు: సప్లై ప్లస్ నేరుగా మోటారుకు. మోటారు మైనస్ మాస్‌ఫెట్ డ్రెయిన్‌కు, సోర్స్ గ్రౌండ్‌కు. ఈఎస్‌పీ32 పిన్‌కు, గేట్‌కు మధ్య 100 ఓంల రెసిస్టర్, గేట్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓంల రెసిస్టర్. మోటారు రెండు కాళ్ల మధ్య ఒక షాట్కీ డయోడ్, దాని గీత ఉన్న వైపు ప్లస్‌కు. డయోడ్ మరిచిపోతే మోటారు ఆగిన ప్రతిసారీ వచ్చే ఎదురు వోల్టేజీ మాస్‌ఫెట్‌ను తినేస్తుంది.

ఏ దారిలో వెళ్లినా బోర్డు గ్రౌండ్, పంపు సప్లై గ్రౌండ్ కలిసి ఉండాలి. పంపు తనకిష్టం వచ్చినట్టు తిరుగుతోందంటే ముందు వెతకాల్సింది ఈ తెగిన గ్రౌండ్ వైరునే.

6. నాబ్, జగ్గు, స్టాప్‌వాచ్

ప్రోగ్రాం రాయడానికి ముందు ఈ పని చేయండి. గింజలు లేకుండా ఉత్త నీళ్లతో, మ్యాష్‌లో గొట్టం ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులోనే పెట్టి, 1 లీటరు జగ్గు నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. 60ని ఆ సెకన్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని లీటర్లో వస్తుంది. 24 సెకన్లయితే 2.5 లీటర్లు.

ఒక రాత్రి మారతహళ్లి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నాబ్ దాదాపు సగం తిప్పినా చుక్క రావట్లేదు. పంపు పోయినట్టేనా?"

"ఎంత ఎత్తుకు ఎక్కిస్తున్నావు?"

"కౌంటర్ మీది పాత్రలోకే. రెండడుగులు."

పంపు బాగానే ఉంది. సెంట్రిఫ్యుగల్ పంపు ఎత్తగలిగే ఎత్తు, వేగం వర్గాన్ని బట్టి పడిపోతుంది. పూర్తి వేగంతో 3 మీటర్లు ఎత్తే పంపు సగం వేగంతో ఒకటిన్నర మీటర్లు ఎత్తదు, 75 సెం.మీ. మాత్రమే ఎత్తుతుంది. రెండడుగులంటే 60 సెం.మీ. ఆ ఎత్తు అందాలంటే దాదాపు 45 శాతం వేగం కావాలి. అప్పటిదాకా పంపు తిరుగుతూనే ఉంటుంది, గొట్టంలో రసం సగం దాకా ఎక్కి నిలబడుతుంది, బయటికి మాత్రం రాదు.

అలాంటి 3 మీటర్ల పంపుతో, 60 సెం.మీ. ఎత్తుకు, వాల్వ్ పూర్తిగా తెరిచి ఉంటే లెక్క ఇలా వస్తుంది:

- 45 శాతం వేగం: ఏమీ రాదు
- 50 శాతం: లీటరుకు 44 సెకన్లు, నిమిషానికి 1.4 లీటర్లు
- 60 శాతం: 24 సెకన్లు, 2.5 లీటర్లు
- 70 శాతం: 18 సెకన్లు, 3.3 లీటర్లు
- 100 శాతం: 11 సెకన్లు, 5.5 లీటర్లు

మనకు కావాల్సిన 1 నుంచి 2 లీటర్ల మధ్య భాగమంతా 45 నుంచి 55 శాతంలో ఇరుక్కుపోయింది. నాబ్ వెంట్రుకవాసి కదిలితే ధార రెట్టింపవుతుంది. ఎలక్ట్రానిక్ అదుపు పెట్టుకున్నాక కూడా చాలామంది విసుగెత్తి మానేసేది ఇందుకే.

దీనికి మందు ఆ స్టీల్ వాల్వే. పంపును 100 శాతంలో పెట్టి, అవుట్‌లెట్ వాల్వ్‌ను నిమిషానికి 3 లీటర్లు వచ్చేదాకా, అంటే జగ్గు 20 సెకన్లలో నిండేదాకా మూయండి. వాల్వ్ హ్యాండిల్ మీద మార్కర్‌తో గీత పెట్టి అక్కడే వదిలేయండి. ఇప్పుడు మళ్లీ కొలిస్తే:

- 50 శాతం: 80 సెకన్లు, 0.75 లీటరు
- 60 శాతం: 45 సెకన్లు, 1.3 లీటర్లు
- 70 శాతం: 33 సెకన్లు, 1.8 లీటర్లు
- 85 శాతం: 25 సెకన్లు, 2.4 లీటర్లు

ఇప్పుడు నాబ్ మీ చేతికి లొంగుతుంది. ఇంకో లాభమూ ఉంది. వాల్వే పెద్ద అడ్డుగా మారింది కాబట్టి, గింజల పొర కాస్త బిగిసినా వదులైనా ధార అంతగా మారదు. వాల్వ్ ఉంటే నాబ్ ఎందుకు, నాబ్ ఉంటే వాల్వ్ ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. రెండూ కావాలి.

ఈ పట్టిక మీ పంపుతో, మీ గొట్టాలతో మీరే తయారు చేసుకుని బాక్సు మూత మీద అతికించండి. చాలామందికి ఇక్కడితో పని అయిపోతుంది. కింది రెండు భాగాలు, మ్యాష్ దగ్గర గంటసేపు నిలబడలేనివాళ్లకు.

7. ఈఎస్‌పీ32తో నడపడం

- పీడబ్ల్యూఎం ఫ్రీక్వెన్సీ: బ్రష్‌ల మోటారుకు 20 కిలో హెర్ట్జ్ పెడితే కీచుమనే శబ్దం వినపడదు. వేగం వైరున్న పంపుకు దాని కాగితంలో రాసిందే పెట్టాలి. 0 నుంచి 5 వోల్టులు కావాలంటే, పీడబ్ల్యూఎంను వోల్టేజీగా మార్చే చిన్న మాడ్యూల్ దొరుకుతుంది.
- పిన్ ఎంపిక: 0, 2, 5, 12, 15 నంబర్ల పిన్‌లకు బోర్డు మొదలయ్యేటప్పుడు వేరే పని ఉంటుంది. వాటిని వదిలేయండి.
- కనీస వేగం: మీ పట్టికలో ధార మొదలైన శాతాన్ని ప్రోగ్రాంలో కింది హద్దుగా పెట్టండి. సున్నా, లేదా ఆ హద్దు పైన. మధ్యలో వద్దు.
- మెల్లగా ఎక్కడం: ప్రతి 10 సెకన్లకు 5 శాతం చొప్పున పెంచండి. ఒక్కసారిగా పెంచితే పొర అడుగుకు కూర్చుంటుంది. తగ్గించడం మాత్రం వెంటనే జరగాలి.
- కరెంటు పోయి వస్తే: పంపు సున్నాలో, హీటర్ ఆఫ్‌లో మొదలవ్వాలి. మీరు బటన్ నొక్కితేనే కదలాలి. వానాకాలంలో రెప్పపాటు కరెంటు పోయి రావడం మనకు మామూలే. ఆ రెప్పపాటులో మీరు గొట్టం విప్పి చేత్తో పట్టుకుని ఉండొచ్చు.

8. ఫ్లో సెన్సర్

వైఎఫ్-ఎస్201 అందరూ వాడేది. లోపల చిన్న చక్రం తిరుగుతుంటే పల్సులు వస్తాయి. నిమిషానికి లీటర్లను 7.5తో గుణిస్తే సెకనుకు పల్సులు వస్తాయి, లీటరుకు 450. అది కొలవగలిగేది నిమిషానికి 1 నుంచి 30 లీటర్లు. అంటే మన పని దాని కింది అంచులో నడుస్తుంది.

లెక్క చూడండి. నిమిషానికి 2 లీటర్లంటే సెకనుకు 15 పల్సులు. ఒక్క సెకను లెక్కపెట్టి నిర్ణయం తీసుకుంటే, ఒక పల్సు అటూ ఇటూ అయినా దాదాపు 7 శాతం తేడా వస్తుంది. కంట్రోలర్ ఆ తేడాను నిజమనుకుని వేగాన్ని పైకీ కిందికీ ఊపుతూనే ఉంటుంది. 4 సెకన్లు లెక్కపెడితే 60 పల్సులు, తేడా 2 శాతం లోపు. గింజల పొర నిమిషాల్లో మారుతుంది, సెకన్లలో కాదు. తొందర అవసరం లేదు.

పూర్తి పీఐడీ (తేడాను లెక్కకట్టి సరిదిద్దే కంట్రోల్ పద్ధతి) కూడా అక్కర్లేదని నా అభిప్రాయం. ప్రతి 4 సెకన్లకు కొలత చూసి, కావాల్సిన దానికన్నా తక్కువుంటే 1 శాతం పెంచడం, ఎక్కువుంటే 1 శాతం తగ్గించడం, 0.1 లీటరు లోపు తేడాకు ఊరుకోవడం. దీంతోనే నా మ్యాష్ గంటసేపు నిలకడగా నడుస్తోంది.

ఒక హద్దు మాత్రం తప్పక పెట్టండి. వేగం పెంచుతున్నా ధార పెరగకపోతే పొర బిగుసుకుంటోందని అర్థం. అప్పుడు ఇంకా పెంచడం మంటలో నెయ్యి పోయడమే. వరుసగా 5 సార్లు పెంచినా కొలత కదలకపోతే వేగాన్ని కనీసానికి దించి, బజర్ మోగించాలి.

సెన్సర్ బిగించేటప్పుడు:

- ఆహారానికి పనికొచ్చేదని రాసి ఉన్నదే కొనండి.
- పంపు తర్వాత, వాల్వ్‌కు ముందు, బాణం గుర్తు ధార వైపు ఉండేలా పెట్టండి.
- 80 డిగ్రీలు దాటిన ద్రవం దీంట్లోంచి పంపకండి. మరిగిన వర్ట్‌ను తోడేటప్పుడు విప్పి పక్కన పెట్టాలి.
- సిగ్నల్ 5 వోల్టులది. ఈఎస్‌పీ32 పిన్‌కు నేరుగా ఇవ్వొద్దు, మధ్యలో దాన్ని 3.3 వోల్టులకు దించే లెవెల్ షిఫ్టర్ మాడ్యూల్ ఉండాలి.
- 450 అన్న అంకెను నమ్మి ఊరుకోకండి. 10 లీటర్లు బకెట్‌లో పట్టి ఎన్ని పల్సులు వచ్చాయో చూసి, మీ అంకె మీరు రాసుకోండి.

9. పంపు ఆగితే హీటర్ ఆగాలి

ఈ ముడి వేయకుండా నేను రెండు నెలలు నడిపాను. ఒక ఆదివారం పంపుకు గాలి పట్టింది. మోటారు తిరుగుతున్న శబ్దం వస్తూనే ఉంది, అందుకే పక్క గదిలో నిశ్చింతగా ఉన్నాను. ధార ఆగిపోవడంతో హీటర్ దగ్గరి వర్ట్ కదలకుండా నిలిచి అడుగంటింది. పాలు మాడిన వాసన ముందు వచ్చింది, తర్వాత చేదు పొగ. 20 లీటర్లూ పారబోశాను. హీటర్ మీద పట్టిన నల్లటి పెచ్చును రెండు రోజులు నానబెట్టి గీకాల్సి వచ్చింది.

పంపు తిరుగుతోందా అన్నది కాదు, రసం కదులుతోందా అన్నది చూడాలి. సెన్సర్ కొలత నిమిషానికి 1 లీటరు కన్నా తగ్గి 5 సెకన్లు అలాగే ఉంటే హీటర్ ఆగిపోవాలి. ధార తిరిగొచ్చినా హీటర్ దానంతట అది వెలగకూడదు, మీరు వచ్చి చూసి బటన్ నొక్కాలి. అంటే మొదటి 10 నిమిషాలు ధార 1 లీటరు లోపు ఉన్నంతసేపు హీటర్ ఆఫ్‌లోనే ఉంటుంది. దానికి తగ్గట్టు నీళ్లను ముందే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వేడి చేసుకోండి.

హీటర్‌ను సాలిడ్ స్టేట్ రిలేతో (ఎలక్ట్రానిక్ స్విచ్‌తో) నడిపేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఆ రిలే పాడైతే సాధారణంగా ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. దాని ముందు చేత్తో ఆపగలిగే మెయిన్ స్విచ్ చేతికందే దూరంలో ఉండాలి.

10. ఆ రోజు పని వరుస

- గొట్టాలు, క్లిప్పులు బిగించి, 5 లీటర్ల చల్లని నీళ్లతో పంపు నడిపి లీకులు చూడండి.
- నీళ్లు వేడి చేసి మాల్ట్ పోయండి. మ్యాష్ 65 నుంచి 68 డిగ్రీల మధ్య నిలవాలి.
- పంపు వేయకుండా 10 నిమిషాలు కూర్చోనివ్వండి.
- అవుట్‌లెట్ వాల్వ్ తెరిచి, రసం తనంతట పంపులోకి దిగి గాలి పోయేదాకా ఆగండి. ఆ తర్వాతే స్విచ్.
- కనీస వేగంతో మొదలుపెట్టి, రసం తేటపడేదాకా అక్కడే ఉంచండి.
- వాల్వ్‌ను గీత దగ్గరికి తెచ్చి, మెల్లగా 1.5 నుంచి 2 లీటర్లకు వెళ్లండి. 1 లీటరు దాటి నిలబడ్డాకే హీటర్ వేయండి.
- గింజల మీద రసం మట్టం గమనించండి. పెరుగుతుంటే ధార తగ్గించండి.
- చివర్లో 76 డిగ్రీలకు పెంచేటప్పుడు రసం పలచబడి ధార కాస్త పెరుగుతుంది. నాబ్ మీదే నడిపేవాళ్లు ఆ సమయంలో పక్కనే ఉండాలి.

11. తప్పులు, వాటికి మందులు

పంపు తిరుగుతోంది, ధార లేదు: గాలి పట్టింది. పంపు ఆపి, అవుట్‌లెట్ గొట్టాన్ని పాత్రలోని రసం మట్టం కన్నా కిందికి దించి పట్టుకోండి. బుడగలు పోయి రసం కారడం మొదలయ్యాక పైకెత్తి వేయండి. పొడిగా తిప్పుతూ ఉంటే లోపలి షాఫ్ట్ అరిగిపోతుంది, దాన్ని చల్లబరిచేది ఆ ద్రవమే.

ధార మొదట బాగుండి మెల్లగా తగ్గిపోయింది: పొర బిగిసింది, లేదా జాలీ నిండింది. పంపు ఆపి, పొరను గరిటెతో లోపలిదాకా కదిపి, 5 నిమిషాలు ఆగి, కనీస వేగంతో మొదలుపెట్టండి. ప్రతిసారీ ఇలాగే అవుతుంటే మర మరీ మెత్తగా పడుతోంది. పొట్టు నలగకుండా, గింజ మాత్రం పగిలేలా రోలర్ల మధ్య సందు పెంచండి.

పంపు వేయగానే బోర్డు రీసెట్ అవుతోంది: మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగి సప్లై కుంగుతోంది. బోర్డుకు వేరే 5 వోల్టుల అడాప్టర్ ఇచ్చి, గ్రౌండ్‌లు మాత్రం కలపండి.

సెన్సర్ ధార లేకపోయినా అంకెలు చూపిస్తోంది: దాని వైరు మోటారు వైరుతో కలిసి వెళ్తోంది. విడదీయండి.

సెన్సర్ కొన్ని వారాలకే మొరాయిస్తోంది: బోరు నీళ్ల సున్నం పట్టి ఉంటుంది, లేదా వర్ట్ ఎండి జిగురయ్యి ఉంటుంది. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో గంట నానబెట్టి కడగండి.

12. కడగడం

పని అయిన పది నిమిషాల్లోనే వేడి నీళ్లు పోసి, వాల్వ్ పూర్తిగా తెరిచి, 100 శాతం వేగంతో 5 నిమిషాలు తిప్పండి. తర్వాత సోడియం పెర్‌కార్బొనేట్ అనే క్లీనింగ్ పొడి కలిపిన 60 డిగ్రీల నీళ్లతో 20 నిమిషాలు, ఆ తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు.

నెలకోసారి పంపు తల మీది స్క్రూలు విప్పి ఇంపెల్లర్ బయటికి తీయండి. దాని వెనక సందులో పొట్టు చేరుతుంది, బయటినుంచి ఎంత కడిగినా పోదు. రబ్బరు రింగును పిన్నుతో లాగొద్దు, గీత పడితే లీకవుతుంది. తలను విప్పిన స్థితిలోనే గుడ్డ మీద బోర్లించి రాత్రంతా ఆరబెట్టి, పొద్దున బిగించండి. బాల్ వాల్వ్‌ను సగం తెరిచి ఉంచాలి. పూర్తిగా మూసినా, పూర్తిగా తెరిచినా బాల్ చుట్టూ తడి నిలిచిపోతుంది. మళ్లీ వాడేటప్పుడు హ్యాండిల్ మార్కర్ గీత దగ్గరే ఉందో లేదో చూసుకుని, జగ్గుతో ఒక్కసారి కొలిచి మొదలుపెట్టండి.